క్యూబా ప్రయాణానికి కట్టిన మూట

ఉద్యోగ జ్ఞాపకాలు రాసేవాళ్ళు మామూలుగా పదవీ విరమణ చేసి, శాలువా కప్పించుకుని, పింఛను కాగితాలన్నీ సర్దుకున్నాక రాస్తారు. నాకు ముప్పై ఏళ్ళు. శాలువా ఎవరూ కప్పలేదు. కర్నూలులో ఒక ట్రావెల్స్ ఆఫీసులో ఆరేళ్ళు పనిచేసి, ఒక గురువారంతో ఆ కుర్చీ పోగొట్టుకున్నాను. పాప పడుకున్నాక, అది మళ్ళీ లేచేలోపు దొరికే గంటన్నరలో కూర్చుని ఇది రాస్తున్నాను.

కడపలో నేను చదివిన కాలేజీలోనే నా తర్వాత చదివిన ఒక అమ్మాయి మొన్న మెసేజ్ పెట్టింది. "అక్కా, టూర్ల ఆఫీసులో పని వచ్చింది, చేరమంటావా?" అని. చేరమనీ రాయలేకపోయాను, వద్దనీ రాయలేకపోయాను. ఆ అమ్మాయి అడిగింది ఒక్క ముక్క. నేను చెప్పవలసింది ఇంత ఉంది.

మా ఆఫీసులో ఉండేది ముగ్గురం. యజమాని ఒకరు; ఆయన్ను సారు అనేవాళ్ళం. ప్రతి అమావాస్యకూ గుమ్మానికి కొత్త గుమ్మడికాయ కట్టించేవాడు. మక్కాకు పోయే ఉమ్రా యాత్రల టికెట్లు చూసే పెద్దాయన ఇంకొకరు, అరవైకి దగ్గరపడినవాడు. ఆయన్ను భాయ్ అనేవాళ్ళం. మూడోదాన్ని నేను. కాశీ, అరుణాచలం, బ్యాంకాక్, దుబాయ్, పాస్‌పోర్టు అపాయింట్‌మెంట్లు, వీసా ఫారాలు అన్నీ నావే.

నాది పుట్టుకతో భయపడే స్వభావం. గ్యాస్ కట్టేశానో లేదో మూడుసార్లు చూస్తాను. తాళం వేసి మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి లాగి చూస్తాను. ఇంట్లో దాన్ని పిచ్చి అంటారు. ఆఫీసులో దాన్నే పనితనం అనేవాళ్ళు. విమానానికి మూడు రోజుల ముందు ప్రతి పాస్‌పోర్టునూ చేతిలోకి తీసుకుని, పేజీ పేజీ తిప్పి, వీసా తేదీలు వేలు పెట్టి చదవడం నేను పెట్టిన పద్ధతే. నా భయానికి విలువ ఉన్న చోటు ప్రపంచంలో ఆ కుర్చీ ఒక్కటే. అది ఎందుకంత ముఖ్యమైందో తర్వాత ఎవరికి చెప్పినా అర్థం కాలేదు.

క్యూబా అడిగిన ఆయన మా ఆఫీసుకు వచ్చినప్పుడు నేను నాలుగో నెల కడుపుతో ఉన్నాను. బనగానపల్లె దగ్గర మామిడి తోటలు, కర్నూలులో కాంట్రాక్టు పనులు ఉన్న మనిషి. పేరు రాయను, తోటాయన అంటాను. ఫోనులో ఒక ఫొటో చూపించాడు. తెల్లటి ఇసుక, పచ్చగా నీలంగా సముద్రం, పక్కన పాతకాలపు ఎర్రకారు ముందు నిలబడి ఎవరో స్నేహితుడు.

"ఈడికి పోవల్ల మ్మా. క్యూబా అంట. బ్యాంకాక్ ఊర్లో పాలు పోసేవాడు గూడా పోయొచ్చినాడు. మన జిల్లాలో ఎవురూ పోని చోటికి పోవల్ల. మా పెండ్లయ్యి ఇరవై ఐదేండ్లు. ఐదు రాత్రులు సాలు."

అంత దూరపు సరదా ప్రయాణం మా ఆఫీసు ఎప్పుడూ చేయించలేదు. ఆయన వెళ్ళాక సారు నన్ను పిలిచాడు.

"ఇది సక్కగా చేసిపెట్టు మ్మా. ఆయన ఒక్కడు పోయొస్తే ఆయన వెనక ఇరవై మంది వస్తారు. కాన్పుకు పోయొచ్చినాక నీ కుర్చీ నీకుంటాది. లేదంటే నేనైనా ఎన్ని నెల్లని ఖాళీగా పెట్టుకుందును?"

బెదిరింపులా అనలేదు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం ఆ రోజు నుంచి క్యూబా అంటే నా కుర్చీయే.

రెండోసారి తోటాయన భార్యను వెంటబెట్టుకొచ్చాడు. నలభై ఐదేళ్ళుంటాయి. కుర్చీ అంచున కూర్చుని, ఆయనా నేనూ మాట్లాడుకుంటున్నంతసేపూ గోడమీది పటం చూస్తూ ఉంది. లేవబోయే ముందు అడిగింది.

"ఆడ ఏం బాస మాట్లాడతారు పాపా?"

"స్పానిష్ అక్కా."

"మనకు రాదు గదా. నీళ్ళు కావాలంటే ఎట్ల అడగల్ల?"

ఆమె చదివింది పదో తరగతి, తెలుగులో. ఒక ఇరవై మాటలు తెలుగు అక్షరాల్లో రాసిచ్చాను. పది రోజుల తర్వాత సంతకాలకు వచ్చినప్పుడు కాగితం చూడకుండా అన్నీ అప్పజెప్పింది. "ఆగువా అంటే నీళ్ళు. గ్రాసియాస్ అంటే శానా సంతోషం అని. కువాంతో అంటే ఎంత అని."

తోటాయన నవ్వాడు. "ఈడ కూరగాయల బేరమాడేది రాదు, ఆడ ఆడతాదంట."

"ఈడ నన్నెప్పుడు ఆడనిచ్చినావు? నోరు తెరిస్తే, నువ్వు గమ్మునుండు అంటావు. ఆడయితే నీకు మాటలు రావు, నువ్వే గమ్మునుంటావు" అంది ఆమె.

భాయ్ పక్క టేబుల్ దగ్గర చాయ్ గ్లాసు కింద పెట్టేసి మరీ నవ్వాడు.

క్యూబా అనుమతి ఆన్‌లైన్‌లోనే వచ్చేసింది. చిక్కంతా మధ్యలో విమానం మారే ఐరోపా ఊరితో. ఆ విమానాశ్రయం దాటి బయట కాలు పెట్టకపోయినా, మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు లోపల నాలుగు గంటలు కూర్చోవడానికి కూడా వీసా కావాలి. దానికి ఇద్దరికీ ఫారాలు నింపాను.

మా ఆఫీసులో ఒక అలవాటు ఉండేది. ముందు భర్త ఫారం పూర్తిగా నింపుతాం. దాన్నే నకలు తీసి, పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు మార్చి భార్య ఫారం చేస్తాం. వందల జంటలకు అలాగే చేశాను. పని తొందరగా అవుతుంది, తప్పులూ ఉండవు. భర్తది సరిగ్గా ఉంటే భార్యది సరిగ్గా ఉన్నట్టే కదా.

శుక్రవారం విమానానికి రెండు ఫారాలూ సిద్ధమయ్యాక తోటాయన తల్లి ఫోన్ చేయించింది. నేను ఆమెను అవ్వా అనేదాన్ని.

"పాపా, ఆ దీవి మనకు ఏ దిక్కులో ఉండాది?"

ఆ ప్రశ్నకు ఏదో ఒకటి చెప్పి ఊరుకోవచ్చు. నేను పటం చూసి, సరిచూసుకుని మరీ చెప్పాను. "పడమర అవ్వా."

"ఏమప్పా, విన్యావా?" అని ఫోను అవతల కొడుకును కేకేసింది. "శుక్రవారం పడమరకు శూల. ఆ దిక్కుకు పోగూడదు."

శుక్రవారం, ఆదివారం పడమరకు ప్రయాణం కట్టకూడదన్న లెక్క మా వైపు పెద్దవాళ్ళకు ఇప్పటికీ నోటికి ఉంటుంది. భాయ్ తన టేబుల్ దగ్గరి నుంచే, "తూరుపుకే పొమ్మను బేటీ. భూమి గుండ్రంగా ఉండాది గదా, అట్లపోయినా అదే దీవి వస్తాది" అన్నాడు. నేను నోరు మూసుకుని నవ్వాను. ఆ నవ్వుకు తర్వాత చాలా ఏడ్చాను.

ప్రయాణం గురువారానికి మారింది. టికెట్లు మార్చాను, హోటల్ మార్చాను. తోటాయన ఫారంలో తేదీ దిద్ది మళ్ళీ ప్రింటు తీశాను. ఆమె ఫారం తెరవబోతుంటే సారు ఇంకెవరివో కాశీ టికెట్లు అర్జెంటు అని పిలిచాడు. మరుసటి రోజు నాకు స్కానింగ్. ఆ తర్వాతి రోజు హైదరాబాదులో వీళ్ళు ఫారాలు ఇచ్చి వేలిముద్రలు వేయాలి. కవర్లు అంటిస్తుంటే సారు అడిగాడు, "ఆయనది సరిగ్గా చూసినావా?" అని. చూశానన్నాను. నిజమే, ఆయనది చూశాను. ఆమెది చూశావా అని ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. దిద్దిన నకలు అనుకుని పాత నకలే కవర్లో పెట్టాను. అందులో శుక్రవారం తేదీయే ఉంది.

ఇంతవరకు జరిగిన తప్పు సర్దుకోగలిగినదే. మూడు రోజుల ముందు పాస్‌పోర్టు చేతిలోకి వస్తే పట్టుకునేదాన్ని. టికెట్లు మళ్ళీ జరిపితే సరిపోయేది. వీసాలు అంటించిన పాస్‌పోర్టులు కొరియర్లో నేరుగా వాళ్ళ ఇంటికే వచ్చాయి. ఫొటోలు పంపమని అడిగితే తోటాయన తన పేజీ ఒక్కటే పంపాడు. రెండోది అడిగితే, "రెండూ ఒకటే గదమ్మా, ఒకే దినం ఇచ్చినారు" అన్నాడు. సరే, సోమవారం ఎలాగూ తెప్పించుకుని చూస్తాను కదా అనుకున్నాను.

సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు అవ్వే కారులో దిగింది. కొడుకు చెయ్యి పట్టుకుని మెట్లెక్కి, పసుపు గుడ్డ మూట ఒకటి తెచ్చి నా టేబుల్ మీద, కంప్యూటర్ పక్కన పెట్టింది. గురువారం కొడుకు నక్షత్రానికి మంచి ఘడియ లేదట. బయల్దేరే రోజు మంచిది కాకపోతే, అంతకు ముందే వచ్చే మంచి ఘడియకు ప్రయాణపు సామాను కొంత మూటకట్టి వేరే ఇంట్లో పెడతారు. దాన్ని పరస్థానం అంటారు. ఆ ఘడియకే ప్రయాణం మొదలైనట్టు లెక్క. వెళ్ళేరోజు ఆ మూట తీసుకుని వెళ్ళిపోవాలి. మధ్యలో ఇంటికి తేకూడదు, ముడి విప్పకూడదు.

"ఎవురింట్లో పెట్టినా రేపు మాటలొస్తాయి. మీదయితే పయణాల ఇల్లే గదా" అంది అవ్వ.

సారు రెండు చేతులూ జోడించి లోపలికి తీసుకున్నాడు. "మా ఆఫీసు చేసుకున్న పుణ్యం పెద్దమ్మా."

"ఏమేం పెట్టినారు అవ్వా మూటలో?" అని మాటవరసకు అడిగాను.

"బియ్యం, పసుపుకొమ్ము, వక్కలు, ఇద్దరివీ ఒక్కో జత బట్టలు. ఊరికే బట్టలు పెడితే ఏం లాభం? నిజంగా పయణం పోయేటియి పెట్టల్ల గదా. అందుకని ఆ నీలం బుక్కులు గూడా పెట్టినా."

"పాస్‌పోర్టులా? అవ్వా, అవి నేనొకసారి చూడల్ల. మూడు రోజుల ముందు చూసేది మా పద్ధతి."

"గురువారం వాళ్ళు తీసుకున్యాక చూసుకో."

"అప్పుడు చూసి ఏం లాభం అవ్వా?"

"ఇప్పుడు ముడి విప్పితే పయణం ఆగిపోతాది." నా వైపు కిందికీ పైకీ చూసింది. "ఎన్నో నెల పాపా?"

"ఏడు."

"అయితే నువ్వు అసలు ముట్టొద్దు. కడుపుతో ఉండేదానివి. నీ మంచికే చెప్తాండా."

వాళ్ళు వెళ్ళిపోయాక సారు దగ్గరికి వెళ్ళాను. "విప్పొద్దు మ్మా" అన్నాడు, సగం కూడా వినకుండానే. "ఆ ముసలామె నమ్మి పెట్టి పోయింది. ఆయన వీసా ఫొటో చూసినావు గదా?"

"ఆమెది చూడలేదు సార్."

"రెండూ ఒకే దినం వచ్చినాయి. దానికేమయితాది?"

భాయ్ లేచి వచ్చాడు. "నేను విప్పుతా. మా హాజీలవి పదిసార్లు చూస్తా నేను, దేవుడు ఏమీ అనలేదు. చూసి మళ్ళీ అట్లనే కట్టిపెడతా."

సారు ఆయన ముఖం చూడకుండా అన్నాడు. "మీరు ముట్టుకుంటే ఇంకా పెద్ద గొడవ భాయ్."

భాయ్ తన కుర్చీలోకి వెళ్ళి కూర్చుని స్క్రీన్ చూసుకున్నాడు. పన్నెండేళ్ళుగా ఆ ఆఫీసు తాళాలు ఆయన జేబులోనే ఉండేవి.

బుధవారం మధ్యాహ్నం సారు భోజనానికి ఇంటికి పోయాడు. భాయ్ నమాజుకు పోయాడు. నేనూ మూటా మిగిలాం. గుడ్డ మీద చెయ్యి పెట్టాను. లోపల పాస్‌పోర్టుల అంచులు వేళ్ళకు తెలుస్తున్నాయి. ముడి పెద్దదేమీ కాదు, వదులుగానే ఉంది. ఒక చివర పట్టుకుని లాగాను కూడా. అప్పుడే కడుపులో బిడ్డ తన్నింది. అంతకు రెండేళ్ళ ముందు నాకు మొదటిది మూడో నెలలో పోయింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కదిలిన ముడిని మళ్ళీ బిగించాను.

సారు వద్దన్నాడనీ, అవ్వ వద్దన్నదనీ చాలా రోజులు అందరికీ చెప్పుకున్నాను. ఆ మధ్యాహ్నం గదిలో వాళ్ళిద్దరూ లేరు. ఎంబీఏ చదివిన నేను ఉన్నాను. మూడుసార్లు గ్యాస్ చూసుకునే నేను, చూడవలసిన ఒక్కదాన్నీ భయపడి చూడలేదు. భయం జాగ్రత్త కాదని నాకు తెలిసింది ఆ రోజు కాదు, ఆ మరుసటి రోజు.

గురువారం తెల్లవారకముందే సారు స్వయంగా వచ్చి షట్టరు తీసి, మూట చేతికిచ్చి, కారు ముందు గుమ్మడికాయ కొట్టి పంపాడట. నేను తొమ్మిదికి ఆఫీసులో అడుగుపెట్టేసరికి ఆయన ఫోను మోగుతోంది. స్పీకర్లో పెట్టాడు.

"ఏందప్పా ఇది!" తోటాయన గొంతు. వెనక విమానాశ్రయం రొద. "నాది చూసి సరే అన్నారు. ఈమెను పంపేకి వీల్లేదంటాండారు!"

నేను ఫోను దగ్గరికి పరుగెత్తాను. "సార్, అక్క పాస్‌పోర్టులో వీసా ఏ తేదీ నుంచి ఉంది, చదవండి."

చదివాడు. ఆయనది ఆ రోజు నుంచి ఉంది. ఆమెది మరుసటి రోజు నుంచి.

కంప్యూటర్లో ఆమె ఫారం తెరిచాను. అక్కడ ఉంది, నా చేత్తో కొట్టిన శుక్రవారం. రేపటి విమానంలో సీట్లు ఉన్నాయో లేదో చూశాను. ఉన్నాయి.

"సార్, తప్పు నాది. ఫారంలో తేదీ నేను దిద్దలేదు. ఒక్కరోజు ఆగండి. రేపు ఇదే విమానంలో ఇద్దరికీ సీట్లున్నాయి, నేను మార్చేస్తాను."

"రేపు శుక్రవారం. పడమరకు శూల. మాయమ్మ ఒప్పుకోదు."

"పోనీ మీరు ఈరోజు వెళ్ళండి. అక్కను రేపు పంపిద్దాం, మీరు అక్కడ ఎదురెళ్ళి తీసుకెళ్ళచ్చు."

"ఒంటరిగానా?" నవ్వాడు ఆయన. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది. "కర్నూలు బస్టాండులో వదిలితే ఇల్లు చేరలేదు ఈమె."

అప్పుడు సారు ఫోను తన వైపు లాక్కున్నాడు. "అన్నా, నువ్వు పోయిరా. నీ సామానంతా ఎక్కించినారు గదా, ఎందుకు పాడు చేసుకునేది? వదినను ఇంకోసారి చూద్దాం."

తోటాయన, "అట్లనే అయితే. కారు ఇంకా ఈడనే ఉండాది, ఎనక్కి పంపిస్తా" అన్నాడు.

పెళ్ళయి ఇరవై ఐదేళ్ళయిన సందర్భపు ప్రయాణానికి పెళ్ళికొడుకు ఒక్కడే వెళ్ళాడు.

ఫోను పెట్టేసి సారు నా మీద తిరిగాడు. "ఆఫీసులో మూటలు ముందర పెట్టుకోని కూర్చుంటే ఇట్లనే అయితాది. మూఢనమ్మకాలు! నీకు సదువుండాది గదా? విప్పి చూసేకి ఏమాయ?" ఆయన నెత్తిమీద, తలుపుకు, ఆ అమావాస్య గుమ్మడికాయ వేలాడుతూనే ఉంది. భాయ్ దాన్ని చూశాడు, నన్ను చూశాడు. అవ్వకు నచ్చజెప్పి వస్తానని సారు బనగానపల్లె బయల్దేరాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆమె మెట్లెక్కి వచ్చింది. డ్రైవరు కింద అన్నానికి ఆగాడట. ఎప్పుడూ చీరలో చూసిన మనిషి చుడీదార్‌లో ఉంది. నా చూపు గమనించి, "మూన్నెల్ల కిందనే కుట్టిచ్చుకున్యా. మా అత్త చూడకుండా దోవలో మార్చుకున్యా" అంది. కుర్చీ అంచున కాక, నిండుగా ఆనుకుని కూర్చుంది.

"తప్పు నాదే అక్కా. మీ ఫారంలో తేదీ దిద్దలేదు. క్షమించండి."

"తేదీ నీ తప్పు. తక్కినదంతా నీది కాదులే." నీళ్ళు తాగింది. "రేపు పోవచ్చంటివి గదా?"

"అన్నాను అక్కా."

"ఫోను ఆయన చేతిలో ఉండె. నేను పక్కనే నిలబడుకోని ఉంటి. నువ్వు చెప్పేది నాకు వినపడతానే ఉండె. పోతావా అని ఎవురూ నన్ను అడగలా. ఆయప్ప అడగలా, మీ సారు అడగలా. నువ్వూ అడగలా పాపా."

నేను గ్లాసులో మళ్ళీ నీళ్ళు పోశాను.

"ఇప్పుడు నేనే చెప్తాండా. రేపు పోతా. బుక్కు నా సంచిలోనే ఉండాది. నాకు ఇంగ్లీషు రాదు. యాడ దిగల్ల, యాడ ఎక్కల్ల, ఏ బోర్డు చూడల్ల, అంతా తెలుగులో రాసియ్యి. బోర్డు మీది అచ్చరాలు ఎట్లుంటాయో బొమ్మ మాదిరి గీసియ్యి. సూసుకుంటా పోతా. తప్పిపోతే ఎవురినన్నా అడుగుతా. ఆడ ఆయన ఉంటాడు గదా. ఒక దినం ఎనక పోతా, అంతే."

భాయ్ కుర్చీ తిప్పుకున్నాడు. "ఈ రాత్రికి హైదరాబాదులో మా కూతురింట్లో ఉండొచ్చు అమ్మా. పొద్దున మా అల్లుడు విమానం కాడ దింపుతాడు. మా ముసలోళ్ళు అచ్చరం ముక్క రానోళ్ళు మక్కాకు పోయొస్తాండారు. మీకేంది, బ్రహ్మాండంగా పోతారు."

ఆమె నవ్వింది. "గ్రాసియాస్ భాయ్."

నేను స్క్రీన్ తెరిచాను. శుక్రవారం విమానం. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. తెల్ల కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాను. ఒకటి: హైదరాబాదులో సంచి ఇచ్చేటప్పుడు రెండు విమానాలకూ రెండు టికెట్ ముక్కలు ఇస్తారు, రెండూ అడిగి తీసుకోండి. రెండు: విమానం దిగాక జనం రెండు వైపులా పోతారు, మీరు బయటికి పోయేవైపు పోకండి. మూడు రాస్తూ ఆగాను. ఫోను తీసి సారుకు చేశాను.

ఎందుకు చేశానని ఆ తర్వాత నన్ను నేను చాలాసార్లు అడిగాను. టికెట్ మార్చాలంటే సారు ఒప్పుకోవాలి కదా అని చెప్పుకునేదాన్ని. అది అబద్ధం. ఆరేళ్ళలో వేల టికెట్లు ఎవరినీ అడగకుండానే మార్చాను. పొద్దున ఇద్దరికీ మార్చేస్తానని తోటాయనతో అన్నప్పుడు కూడా ఎవరినీ అడగలేదు. ఒక ఆడమనిషి తనకు తానుగా పోతానంటే మాత్రం అడగాలనిపించింది. అడిగితే ఏం చెబుతారో తెలిసే అడిగాను.

"నీకేమన్నా మతి పోయిందా?" సారు గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "నేను అవ్వ ముందరే కూచోనుండా. మంచి ఘడియలో బయల్దేరిన కోడలు నడిమధ్యలో ఎనక్కి వచ్చెనని ఆమె ఏడుస్తాండాది. ఆ ఇంటి ఆడమనిషిని మొగుడు లేకుండా ఒంటరిగా విమానం ఎక్కిస్తే రేపు ఈ ఊర్లో మన ఆఫీసు ఉంటాదా? పొద్దున ఒక తప్పు చేసినావు. చాలదా? కార్లో ఎక్కించి ఇంటికి పంపు. నీ కుర్చీ సంగతి గూడా ఆలోచన చేసుకో."

ఫోను పెట్టేశాను. చెప్పవలసిన అవసరం రాలేదు. గది చిన్నది, ఆమె అంతా విన్నది.

"పోనీలే" అంది. "నీది గూడా కడుపు కథే గదా."

లేచి నిలబడి చుడీదారు సర్దుకుంది. "ఊరంతా రాత్రి హారతిచ్చి పంపిరి. ఈ యాళకు పోతే ఎవరెవరు అరుగుల మీద కూచోనుంటారో" అని తనలో తనే అనుకుంది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, "ఎంతవరకు రాసినావు?" అని అడిగింది. మూడో నంబరు వేసి ఆపేసిన కాగితం ఇచ్చాను. నిలబడే చదువుకుంది, పెదవులు కదుపుతూ. మడిచి చేతిసంచిలో పెట్టుకుంది.

భాయ్ ఆమె సూట్‌కేసు కిందికి మోసుకుపోయాడు. తిరిగి వచ్చాక నాతో మాట్లాడలేదు. ఆ రోజే కాదు, నేను కాన్పుకు వెళ్ళేదాకా పని మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడలేదు.

కొత్తగా చేరబోయే చెల్లెళ్ళకు ఇదంతా చదివాక ఒక సందేహం రావచ్చు: ఆ ఫోన్ చేసి నేను దక్కించుకున్నదేమిటని. కాన్పయిన ఐదో నెలలో పాపను ఎత్తుకుని ఆఫీసుకు వెళ్ళాను. నా కుర్చీలో సారు బావమరిది కూతురు కూర్చుని ఉంది. సారు పాప చేతిలో నోటు పెట్టి, "పసిబిడ్డ తల్లివి, నీకెందుకు మ్మా ఇంక ఈ టెన్షన్లన్నీ?" అన్నాడు. తోటాయన మాత్రం ఆ ఆఫీసును వదల్లేదు. క్యూబా చాలా బాగుందని చెప్పి, స్నేహితులను పదిమందిని పంపాడట. ఆమె మళ్ళీ ఎక్కడికైనా వెళ్ళిందో లేదో నాకు తెలియదు. అడిగే ముఖం లేదు.

ఆ గురువారం సాయంత్రం మాత్రం ఇవేవీ నాకు తెలియవు. ఐదున్నరకు సారు బనగానపల్లె నుంచి ఫోన్ చేశాడు.

"పంపించినావా?"

"పంపించినా సార్. ఇంతసేపటికి చేరుంటారు."

"చేరింది, ఇప్పుడే. మంచి పని చేసినావు మ్మా."

ఆ ఉద్యోగంలో నాకు దక్కిన ఆఖరి మెచ్చుకోలు అదే.